గడ్డిపరకా, గుప్పెడు మట్టీ: నారాలో తోదైజి

మొదటి రోజు

ఒసాకాలోని నాంబా స్టేషన్‌లో కింతెత్సు రైలు ఎక్కితే సుమారు నలభై నిమిషాల్లో నారా చేరుకోవచ్చు. జపాన్ వచ్చే మనవాళ్లలో చాలామంది పొద్దున్నే వచ్చి, జింకలకి బిస్కెట్లు పెట్టి, పెద్ద బుద్ధుడి ముందు ఫొటో దిగి, మధ్యాహ్నానికల్లా క్యోతో రైలెక్కేస్తారు. ఆ బుద్ధుడి గుడి పేరే తోదైజి. దాన్ని చూడ్డానికి ఆ పూట ఏ మూలకీ చాలదు. మా అమ్మాయి ఒసాకాలో ఉద్యోగం చేస్తోంది. డిసెంబరు మొదట్లో తనకి సెలవు దొరికింది. రాత్రుళ్లు నారాలోనే ఉండేలా రూమ్ తీసుకుని ఇద్దరం బయల్దేరాం.

710 నుంచి 784 వరకు జపాన్‌కి ఇదే రాజధాని. చైనాలోని చాంగాన్ నగరాన్ని చూసి, అలాగే గళ్లగళ్లుగా వీధులు వేసి కట్టుకున్నారు. రాజధాని క్యోతోకి తరలిపోయాక గుళ్లు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. స్టేషన్ దిగి కొద్ది దూరం నడిస్తే కోఫుకుజి వస్తుంది. దాని ఐదంతస్తుల పగోడాకి పెద్ద మరమ్మతు జరుగుతోంది. చుట్టూ పరంజా కట్టి మొత్తం కప్పేశారు, చూడ్డానికి ఏమీ లేదు. ముందుకి నడిచాం.

పార్కులో వెయ్యికి పైగా జింకలు తిరుగుతుంటాయి. కసుగ మందిరం దేవుడు తెల్ల జింకనెక్కి ఇక్కడికి వచ్చాడని నమ్మకం. అందుకే వందల ఏళ్లుగా వీటి జోలికి ఎవరూ పోరు. బిస్కెట్ చూపిస్తే తల వంచి దండం పెట్టినట్టు చేస్తాయి. పెట్టడం ఆలస్యమైతే మాత్రం చీరకొంగో కోటు అంచో పట్టుకుని లాగుతాయి, చిన్నపిల్లలున్నవాళ్లు జాగ్రత్తగా ఉండాలి.

నందైమోన్ దగ్గరికి వచ్చేసరికి నాలుగవుతోంది. తోదైజికి ఇది దక్షిణ ద్వారం, పాతిక మీటర్ల ఎత్తు. కింద నిలబడి తలెత్తి చూస్తే మధ్యలో పైకప్పు అడ్డుండదు. ఒక్కొక్క స్తంభం నేల నుంచి పై కప్పుదాకా ఒకే మాను. స్తంభాలని తొలుచుకుంటూ అడ్డదూలాలు దూరిపోతాయి. ఎక్కడా పూతలు లేవు, నగిషీలు లేవు. కలప బలమే ఇక్కడి అందం. 1199 నాటి కట్టడం ఇది.

ద్వారానికి రెండు పక్కలా ద్వారపాలకులు ఉన్నారు. ఎనిమిది మీటర్లు దాటిన కొయ్య విగ్రహాలు. ఒకాయన నోరు తెరిచి, ఇంకొకాయన నోరు బిగించి, ఒకరికొకరు ఎదురెదురుగా నిలబడి ఉంటారు. ఉన్కెయ్, కైకెయ్ అనే మహాశిల్పులు మరికొందరితో కలిసి 1203లో వీటిని 69 రోజుల్లో పూర్తి చేశారు. ఒక్కొక్క విగ్రహానికి సుమారు మూడు వేల చెక్కముక్కలు అతికారు. 1988 నుంచి 1993 వరకు విగ్రహాలని విడదీసి బాగుచేసినప్పుడు లోపల కాగితాలు బయటపడ్డాయి. ఏ విగ్రహం ఎవరి చేతి పని అన్నది వాటి వల్లే తేలింది. అంత వేగంగా చేసిన పనిలో ఆ పొట్ట కండరాలు, మెడ మీద ఉబ్బిన నరాలు చూస్తుంటే చూపు తిప్పుకోబుద్ధి కాలేదు. చీకటి పడేదాకా అక్కడే ఉన్నాం.

రెండో రోజు

పొద్దున బసలో చాగాయు పెట్టారు. టీ ఆకు కాచిన నీళ్లలో బియ్యం ఉడికించిన పలచటి జావ, పక్కన నారా ఊరగాయ. నారాలో ఇది తరతరాలుగా వస్తున్న తిండి. చలి పొద్దున కడుపుకి హాయిగా ఉంది.

ఈ కాలంలో బుద్ధుడి మందిరం ఎనిమిదింటికి తెరుస్తారు. ముందే వెళ్లి నిలబడితే గుంపులు దిగేలోపు కాసేపు ప్రశాంతంగా చూడొచ్చు. గుడి ముందు ఎనిమిది పలకల కంచు దీపస్తంభం ఉంది. దాని పలకల మీద వేణువూ తాళాలూ వాయిస్తున్న బోధిసత్వులు. అందరూ దాన్ని దాటుకుని లోపలికి పరిగెడతారు గానీ, ఆవరణలో కాస్త ఆగి చూడాల్సింది ఇదే. ఎనిమిదో శతాబ్దంలో గుడి కట్టినప్పటి దీపం, రెండు అగ్నిప్రమాదాలు దాటుకుని అదే చోట ఉంది.

లోపల మహాబుద్ధుడు పద్మాసనంలో కూర్చుని ఉన్నాడు. కంచు విగ్రహం, ఎత్తు సుమారు 15 మీటర్లు. శాక్యముని కాదు, వైరోచన బుద్ధుడు, విశ్వమంతా వెలుగు నింపే బుద్ధుడు. కుడిచెయ్యి అభయం ఇస్తుంది. కళ్లు ముందు చీకటికి అలవాటు పడాలి. ఆ తర్వాత చీకట్లోంచి ముఖం నెమ్మదిగా తేలుతుంది.

నారాలో విదేశీయులకి ఉచితంగా గుళ్లు చూపించే వాలంటీర్ గైడ్లు ఉన్నారు. మాకు ఒక పెద్దాయన దొరికారు. రిటైరయ్యాక ఈ పనిలోకి వచ్చారట. ఆయన జపనీస్‌లో చెబుతుంటే మా అమ్మాయి తెలుగులో చెప్పింది. నేను చదువుకుని వెళ్లిన చరిత్రా, ఆయన చెప్పిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఈ విగ్రహం వెనక భయం ఉంది. 735లో మశూచి వచ్చింది. 737 నాటికి అది దేశమంతా పాకి జనాన్ని ఊళ్లకి ఊళ్లు తీసుకుపోయింది. రాజ్యాన్ని నడిపిస్తున్న ఫుజివార సోదరులు నలుగురూ ఒకే ఏడాదిలో పోయారు. పంటలు పండలేదు. 740లో తిరుగుబాటు లేచింది. అప్పటి చక్రవర్తి షోము ఇదంతా తన పాలనలోని లోపం వల్లే జరిగిందని కుమిలిపోయాడు. 741లో ప్రతి రాష్ట్రంలో ఒక బౌద్ధాలయం కట్టాలని ఆజ్ఞ ఇచ్చాడు. 743లో మహాబుద్ధుడి విగ్రహం చేయిస్తానని ఇంకొక ప్రకటన చేశాడు.

నన్ను నారా దాకా రప్పించింది ఆ రెండో ప్రకటనే. దేశంలో సంపద ఉన్నది నాకే, అధికారం ఉన్నదీ నాకే, ఆ రెండూ వాడితే విగ్రహం తేలిగ్గానే తయారవుతుంది గానీ అందులో మనసు ఉండదు అంటాడు. ఒక గడ్డిపరకో గుప్పెడు మట్టో తెచ్చి సాయం చేస్తానన్నవాణ్ని కూడా చేర్చుకోమంటాడు. అధికారులు ఈ పని పేరు చెప్పి జనం మీద పడి బలవంతంగా వసూళ్లు చేయకూడదని కూడా అంటాడు. ఒక చక్రవర్తి నోట ఆ కాలంలో వచ్చిన మాటలివి.

జనాన్ని కూడగట్టే పని గ్యోకి అనే భిక్షువు మీద పడింది. ఆయన ఊరూరా తిరుగుతూ వంతెనలు కట్టించాడు, చెరువులు తవ్వించాడు. వెనక వేలమంది నడిచేవారు. అనుమతి లేకుండా జనాన్ని పోగేస్తున్నాడని 717లో ప్రభుత్వమే ఆయన్ని తప్పుబట్టింది. అదే ప్రభుత్వం ఇప్పుడు ఆయన సాయం అడిగింది, 745లో దేశంలోకెల్లా పెద్ద భిక్షువు పదవి ఇచ్చింది. విగ్రహం పూర్తికాకముందే 749లో ఆయన పోయాడు.

ఇంత పెద్ద విగ్రహాన్ని ఒకేసారి పోత పోయడం కుదరదు. ముందు మట్టితో విగ్రహం చేసి, దాని మీద అచ్చు తీసి, మధ్యలో సందు ఉంచి, ఆ సందులో కరిగిన కంచు పోశారు. కింద నుంచి పైకి ఎనిమిది అంచెలుగా పోశారు. ఒక్కో అంచె అవగానే చుట్టూ మట్టికట్ట పోసి, దాని మీద కొలుములు పెట్టి, పై అంచె మొదలుపెట్టేవారు. 747 నుంచి 749 దాకా పట్టింది. పనికి పెద్దగా ఉన్న శిల్పి కునినాక నో కిమిమారో తాత కొరియాలోని పెక్చే రాజ్యం నుంచి వలస వచ్చినవాడు. గుడి లెక్కల ప్రకారం రాగి దాదాపు 500 టన్నులు, బంగారం 440 కిలోలు, పాదరసం 2.5 టన్నులు. బంగారాన్ని పాదరసంలో కలిపి పూసి, వేడి పెట్టి పాదరసాన్ని ఆవిరి చేస్తారు. ఆ ఆవిరి విషం. పూత పూసిన పనివాళ్లు దాని మధ్యనే పనిచేశారు.

పూతకి సరిపడా బంగారం దేశంలో లేదని అందరూ దిగులు పడుతుండగా 749లో ఉత్తరాన ముత్సులో బంగారం బయటపడింది. షోము విగ్రహం ముందుకి వచ్చి, తాను బుద్ధుడికీ ధర్మానికీ సంఘానికీ దాసుణ్నని చెప్పుకున్నాడు. అదే ఏడాది సింహాసనం కూతురికి అప్పగించాడు.

అందరూ ఇష్టంగా చేశారా? 757లో తచిబాన నో నారమారో అనే ప్రభువు తిరుగుబాటు చేయబోయి దొరికిపోయాడు. కారణం అడిగితే తోదైజి కట్టడంతో జనం నానా బాధలు పడ్డారన్నాడు. ఆ పని మొదలైంది మీ నాన్న మంత్రిగా ఉన్నప్పుడే కదా అని విచారించినవాళ్లు అడిగితే మాట రాలేదట. ఇదంతా ప్రభుత్వం సొంత చరిత్రలోనే రాసి ఉంది. గడ్డిపరక మాట ఎంత నిజమో, జనం వెన్ను విరిగిందన్న మాటా అంతే నిజం. ఈ గుడి గురించి మాట్లాడితే రెండూ కలిపే చెప్పాలి.

ఇక మనవాడి సంగతి. 752లో నేత్రోన్మీలనం జరిగింది. విగ్రహానికి కళ్లు దిద్దింది దక్షిణ భారతం నుంచి వెళ్లిన బోధిసేనుడు. 704లో పుట్టాడు. చైనాలో ఉండగా జపాన్ రాయబారులు పిలిస్తే, చంపా దేశానికి (ఇప్పటి వియత్నాం ప్రాంతం) చెందిన బుత్తెత్సు అనే భిక్షువుతో కలిసి 736లో ఒసాకా రేవుకి చేరాడు. అక్కడ ఎదురొచ్చి స్వాగతం చెప్పినవాడు గ్యోకి. ఉత్సవం రోజున బోధిసేనుడు కుంచె పట్టుకుంటే ఆ కుంచెకి కట్టిన పొడవాటి నీలి దారాన్ని కింద షోము, రాణి కోమ్యో, పరివారం, భిక్షువులు పట్టుకున్నారు. కళ్లు దిద్దిన పుణ్యం దారం పట్టిన అందరికీ అందాలని. పదివేలమంది భిక్షువులు వచ్చారని చరిత్రలో రాశారు. అప్పటికి బంగారు పూత సగంలోనే ఉంది, మశూచి చూసిన తరం ఇంకా బతికే ఉంది.

"అమ్మా, ఆ ముఖం అదేనా? బోధిసేనుడు చూసిన ముఖం?" అని అడిగింది మా అమ్మాయి.

కాదు. 855లో భూకంపానికి తల ఊడి పడింది. మళ్లీ పెట్టారు. 1180 చివర్లో తైరా నో షిగెహిరా అనే సేనాని సేనలు నారాని తగలబెట్టాయి. మందిరం పై అంతస్తుకి ఎక్కి దాక్కున్నవాళ్లు మంటల్లోనే పోయారని అప్పటి కథనాలు చెబుతాయి. బుద్ధుడి తల కరిగి నేలమీద పడింది. చోగెన్ అనే భిక్షువు అరవై ఏళ్లు దాటాక చందాలకి బయల్దేరి ఊరూరా తిరిగాడు. కరిగిన కంచుని మళ్లీ పోసే పని చైనా నుంచి వచ్చిన చెన్ హెచింగ్ చేశాడు. 1185లో గోషిరకావా మాజీ చక్రవర్తి తానే పరంజా ఎక్కి కళ్లు దిద్దాడు. అందుకు ఆయన వాడింది బోధిసేనుడి కుంచెనే. నాలుగు వందల ముప్ఫై మూడేళ్లు దాచి ఉంచిన కుంచె అది. నిన్న చూసిన నందైమోన్ కూడా చోగెన్ కట్టించిందే.

1567లో యుద్ధం మధ్యలో మందిరం మళ్లీ తగలబడింది. ఈసారి దేశంలో ఎవరికీ తీరిక లేదు, డబ్బు లేదు. తాత్కాలికంగా వేసిన కప్పుని 1610లో గాలివాన ఎత్తుకుపోయింది. ఎనభై ఏళ్లకి పైగా బుద్ధుడు ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ కూర్చున్నాడు. చిన్న వయసులో ఈ గుడిలో చేరిన కోకెయ్ అనే భిక్షువు ఆ దృశ్యం చూసి తట్టుకోలేకపోయాడు. 1684లో చందాలు అడుక్కోవడానికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది, పైసా మాత్రం ఇవ్వలేదు. అరపైసా ఇచ్చినా పుణ్యమేనంటూ ఆయన దేశమంతా తిరిగాడు. 1692లో విగ్రహానికి కళ్లు తెరిపించాడు. మందిరం పని జరుగుతుండగా 1705లో పోయాడు. 1709లో మందిరం పూర్తయింది.

కాబట్టి మేం చూస్తున్న తల కోకెయ్ కాలంది. ఒడి దగ్గరా, కింద పద్మపీఠంలోనూ ఎనిమిదో శతాబ్దపు కంచు మిగిలి ఉంది. రేకుల మీద లోకాలన్నిటినీ సన్నటి గీతలతో చెక్కారు, ఆ బొమ్మలు అసలువే. మందిరం కూడా మొదటిది కాదు. అప్పుడు 86 మీటర్ల వెడల్పు ఉండేది, డబ్బు చాలక కోకెయ్ కాలంలో 57కి తగ్గించారు. ఇంత తగ్గించినా చాలాకాలం ప్రపంచంలో ఇదే పెద్ద చెక్క కట్టడం. లావు మానులు దొరక్క, స్తంభాలని చిన్న చెక్కలు కలిపి ఇనప పట్టీలతో బిగించారు. దగ్గరికి వెళ్లి చూస్తే ఆ పట్టీలు, మేకులు కనిపిస్తాయి. నాకు ఆ మందిరంలో అన్నిటికన్నా నచ్చినవి అవే. ఒక స్తంభం అడుగున బుద్ధుడి ముక్కుపుటం అంత కన్నం ఉంటుంది, అందులోంచి దూరి వస్తే మంచి జరుగుతుందని పిల్లలు వరస కడతారు.

ఇంకొక మాట గుంటూరు వైపువాళ్ల కోసం. తోదైజిది కెగోన్ సంప్రదాయం, దానికి మూలగ్రంథం అవతంసక సూత్రం. అందులో చివరి భాగం గండవ్యూహం. సుధనుడనే శ్రేష్ఠి కొడుకు మంజుశ్రీ మాట విని గురువుల్ని వెతుక్కుంటూ బయల్దేరతాడు. బోధిసత్వులు, భిక్షువులతో పాటు పడవ నడిపేవాడు, అత్తరు అమ్మేవాడు కూడా అతనికి గురువులే. అతను బయల్దేరిన ఊరు ధన్యాకరం. అది మన ధాన్యకటకమే, అంటే అమరావతి పక్కనున్న ధరణికోట అని చాలామంది పండితులు భావిస్తారు. సుధనుడి యాత్రని గీసిన పాత బొమ్మల చుట్ట తోదైజి సొత్తు, జపాన్ జాతీయ సంపద. ఇక్కడ గుడి రెండుసార్లు కాలినా మళ్లీ లేచింది. అమరావతి స్తూపం రాళ్లు మాత్రం చెన్నైకీ లండన్‌కీ చేరిపోయాయి. ఆ మందిరంలో నిలబడి ఈ సంగతి తలచుకుంటే నాకు గొంతు పట్టేసింది.

బయటికి వస్తుంటే వసారాలో ఎర్రగుడ్డ కప్పుకున్న కొయ్య విగ్రహం ఉంది. బుద్ధుడి శిష్యుడు పిండోల భారద్వాజుడు. మనకి నొప్పి ఉన్న చోట ఆయన్ని తాకి, మళ్లీ మనల్ని తాకుకుంటే తగ్గుతుందని నమ్మకం. నేను మోకాలు తాకాను.

మధ్యాహ్నం కొండవాలు మీద ఉన్న తోదైజివారి ఇంకొక మందిరం నిగత్సుదోకి ఎక్కాం. దాని వసారా నుంచి మహాబుద్ధుడి మందిరం కప్పు, నారా ఊరంతా కనిపిస్తాయి. 752లో, తోదైజికి మొదటి పెద్దగా ఉన్న రోబెన్ శిష్యుడు జిచ్చు మొదలుపెట్టిన శుద్ధి వ్రతం ఇక్కడ ఏటా మార్చి 1 నుంచి 14 దాకా ఇప్పటికీ జరుగుతోంది. గుడి తగలబడిన ఏళ్లలోనూ ఆగలేదు. పదకొండుమంది భిక్షువులు లోకం తరఫున తప్పులు ఒప్పుకుని క్షమాపణ అడుగుతారు. సాయంత్రాలు పెద్ద కాగడాలు వసారా మీద పరిగెత్తిస్తారు. 12న అన్నిటికన్నా పెద్దవి వస్తాయి, జనమూ ఆ రోజే ఎక్కువ. నిప్పురవ్వలు మీద పడితే మంచిదని కింద నిలబడతారట.

ఆ వ్రతంలో రెండు రాత్రులు గుడికి సాయపడ్డవారి పేర్లు చదువుతారు. షోము పేరుతో మొదలై గ్యోకి, ఇంకా ఎందరో దాతలు వస్తారు. పేర్లు దొరకని కూలీల్ని లెక్కగా చదువుతారు: కలప ఇచ్చినవారు 51,590 మంది, కూలిపనికి 16,65,071 మంది అని. పదమూడో శతాబ్దం మొదట్లో ఒక రాత్రి జుకెయ్ అనే భిక్షువు ఈ జాబితా చదువుతుంటే నీలిబట్టలు కట్టుకున్న ఒకావిడ ప్రత్యక్షమై "నన్నెందుకు వదిలేశావు?" అని అడిగిందట. ఆయన గొంతు తగ్గించి "నీలిబట్టల స్త్రీ" అని చదివితే మాయమైందట. ఆవిడెవరో ఎవరికీ తెలియదు. అప్పటి నుంచి ఏటా ఆ చోటికి రాగానే గొంతు తగ్గించి ఆవిడ్ని తలుస్తారు. గైడ్ పెద్దాయన ఇది చెబుతున్నప్పుడు ఆయన గొంతు కూడా తగ్గింది.

మూడో రోజు

షోసోయిన్ బయటి నుంచి చూడ్డానికి పనిదినాల్లోనే వదులుతారు. 756లో షోము పోయాక నలభై తొమ్మిదో రోజున కోమ్యో ఆయన వస్తువులు ఆరు వందలకి పైగా బుద్ధుడికి సమర్పించింది. వాటిని దాచిన చెక్క కొట్టు ఇది. మూడు పలకల దుంగలు ఒకదాని మీద ఒకటి పేర్చి, నేల నుంచి బాగా ఎత్తులో కట్టారు. వానాకాలం దుంగలు ఉబ్బి సందులు మూసుకుంటాయని, ఎండాకాలం తెరుచుకుంటాయని చాలాకాలం అనుకున్నారు. వస్తువులు ఇంత బాగా నిలవడానికి అసలు కారణం లోపలి దేవదారు పెట్టెలు, ఎత్తైన నేల అని ఇప్పుడు చెబుతున్నారు. చక్రవర్తి అనుమతి లేనిదే తాళం తీసేవారు కాదు. బోధిసేనుడి కుంచె, నీలిదారం, మన దేశపు పద్ధతిలోని ఐదు తీగల వీణ ఈ కొట్టులోవే. ఇప్పుడు సంపదంతా పక్కనున్న కొత్త కట్టడాల్లో ఉంది. శరదృతువులో ఏటా కొన్నిటిని నారా జాతీయ మ్యూజియంలో ప్రదర్శిస్తారు. ఏవి పెడతారన్నది ఏడాదికొక రకం.

తర్వాత ఊరికి పడమటివైపు ర్యోసెన్‌జికి వెళ్లాం. తోమియో స్టేషన్‌లో దిగి బస్సు పట్టుకోవాలి. ఇక్కడి కొండ, బుద్ధుడు బోధలు చేసిన రాజగిరిలోని గృధ్రకూటంలా ఉందని బోధిసేనుడే ఆ పేరు పెట్టాడని గుడివాళ్లు చెబుతారు. ప్రధాన మందిరం 1283 నాటిది. ఆవరణలో గులాబీతోట కూడా ఉంది, డిసెంబరు కాబట్టి పూలు లేవు.

బోధిసేనుడి సమాధి ఇక్కడే ఉంది. ఆయన నారాలో దైఆన్‌జి అనే గుడిలో ఉంటూ అవతంసక సూత్రం పారాయణ చేసేవాడు. 751లో సోజో అనే పెద్ద పదవి ఇచ్చారు, అందుకే జపాన్‌లో ఆయన్ని బరమోన్ సోజో అంటారు. 760లో పడమటి దిక్కుకి తిరిగి చేతులు జోడించి కన్నుమూశాడు. శిష్యుడు షూయెయ్ పదేళ్ల తర్వాత గురువు చరిత్ర రాసి శాసనంగా నిలిపాడు. ఆయన గురించి మనకి తెలిసినదాంట్లో ఎక్కువభాగం ఆ రాతలోంచి వచ్చిందే.

మా అమ్మాయి ఒసాకాలో ఉండబట్టి మూడేళ్లవుతోంది, తనతో పనిచేసే తెలుగువాళ్లెవరూ ఈ గుడి పేరే వినలేదంది. ఒసాకాలోనూ క్యోతోలోనూ ఉన్న మనవాళ్లకి చెబుతున్నాను: తోదైజి చూశాక ఒక పూట ఇటు రండి. బస్సులు తరచుగా ఉండవు, తోమియోలో దిగగానే తిరుగు బస్సు టైము కూడా చూసి పెట్టుకోండి.